మంచం పట్టిన మీరావలి

దుబాయ్ పక్కన అజ్మాన్‌లో మా మీరావలి బావ టైపింగ్ సెంటర్‌లో అర్జీ కొట్టడం మొదలుపెట్టాడంటే, ఎవరింట్లోనో ఒకరు మంచం పట్టాల్సిందే. సెలవు కావాలన్నా, జరిమానా తగ్గించమన్నా, రెండో పేరాలో ఒక తల్లికో తండ్రికో జబ్బు చేస్తుంది. "జబ్బు లేకపోతే ముదీర్ మనసు, అదే మేనేజర్ మనసు, కరగదు షాహులూ" అనేవాడు. నాకు ఒళ్లు మండేది. నా సెలవు కోసం నిక్షేపంగా ఉన్న మా అమ్మను రెండుసార్లు ఆసుపత్రిలో చేర్చాడు మరి.

ఆయన కూతురు అనమ్‌కు పళ్ల డాక్టరు కావాలని పిచ్చి. ఇక్కడి డెంటల్ కాలేజీకి దరఖాస్తు పెట్టింది. ఈ చదువే ఎందుకో నీ మాటల్లో రాసి పంపమన్నారు. దాన్ని పర్సనల్ స్టేట్‌మెంట్ అంటారట. పిల్ల నానా తంటాలు పడి రాసి, సర్టిఫికెట్లతో పాటు పంపమని తండ్రికిచ్చింది. బావ చదివి పెదవి విరిచాడు. అందులో వినయం లేదు, జబ్బు లేదు. తానే కొత్తది రాసి పంపేసి, గుట్టుగా ఊరుకున్నాడు.

ఆన్‌లైన్ ఇంటర్వ్యూ రోజు నేనూ వాళ్లింట్లోనే ఉన్నాను. తెర మీద పెద్ద డాక్టరమ్మ జాలిగా అడిగింది.

"మంచం పట్టిన మీ నాన్నగారికి ఇప్పుడెలా ఉంది?"

అనమ్ బిక్కచచ్చిపోయింది. సరిగ్గా అప్పుడే బావ, కూతురు గొంతు తడుపుకుంటుందని, టీ గ్లాసుతో గదిలోకి వచ్చాడు.

"ఎవరాయన?" అంది డాక్టరమ్మ.

సీటు గల్లంతే అనుకున్నాను. బావను తిట్టడానికి మాటలు కూడా వెతుక్కున్నాను.

"మా నాన్నే మేడమ్," అంది అనమ్. "మీకు అందింది నేను రాసింది కాదు, ఆయన రాసింది. ఆయన మంచం పట్టలేదు. పన్ను నొప్పితో ఏళ్ల తరబడి ఒకవైపే నములుతున్నాడు. డాక్టరంటే భయం. ఇలాంటివాళ్లు నా దగ్గరికైనా వస్తారేమోనని నేను అసలు రాసింది."

డాక్టరమ్మ నవ్వాపుకుంటూ, "ఏదీ, నోరు తెరవమను" అంది.

మేమెంత బతిమాలినా ఏ డాక్టరు ముందూ తెరవని నోరు, కూతురు ఫోన్ లైటు వెయ్యగానే బుద్ధిగా తెరిచాడు. నాకు నవ్వూ వచ్చింది, కళ్లూ చెమ్మగిల్లాయి.

సీటొచ్చింది. బావ బుగ్గ పట్టుకునే ఎగిరి గంతేశాడు.

"చూసినావా షాహులూ! జబ్బు లేకపోతే పని జరగదని చెప్పలా?"

"ఖలాస్ నాయనా," అంది అనమ్. "ఇంక పద, ఆ పన్ను పీకించుకుందువు."

బావ ముఖం పాలిపోయింది.

"అయిదేళ్లే గదమ్మా," అన్నాడు. "ఓర్చుకుంటాలే. నువ్వే పీకుదువు గానీ."