లైన్ల ముందు ఆగిన బండి

మొన్న కరీంనగర్‌లో మా మేనల్లుడి కారు ఎక్కాను. ఎత్తెక్కే చోట సిగ్నల్‌లో ఎర్రదీపం పడితే వాడు ఆపిన తీరుకి నా నుదురు ముందు సీటుకి కొట్టుకుంది. ఆపాక కూడా కుదురు లేదు. క్లచ్ సగం తొక్కిపట్టి బండిని ముందుకీ వెనక్కీ ఊపుతూ కూర్చున్నాడు. కాసేపటికి కాలిన క్లచ్ వాసన కారంతా నిండింది. ముక్కు మండింది, నోరు ఊరుకోలేదు. "మా యాకూబ్ భాయ్ ఉంటే నిన్ను దింపి నడిపిస్తుండెరా" అన్నాను. "గాయనెవరత్తమ్మా?" అన్నాడు వాడు. దీపం మారేలోపు చెప్పగలిగే మనిషి కాదు ఆయన.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొన్నేళ్లకు ఆదిలాబాద్ జిల్లాలో, గోదావరికి అవతల ఉన్న ఒక బొగ్గుగనుల ఊళ్లో నర్సుగా చేరాను. అక్కడ గనిని బాయి అంటారు. బాయిలో దెబ్బతిన్నవాళ్లను దవాఖానకు తెచ్చే వ్యానుకు యాకూబ్ భాయ్ డ్రైవరు. పొట్టి మనిషి, ముక్కు మీద కోపం. చేరిన కొత్తలోనే, బండ పడి నడుము విరిగిన ఒక కార్మికుడి పక్కన కూర్చుని వచ్చాను. బండి ఆగే కుదుపుకి అతను ఎంత అరుస్తాడోనని దారంతా పళ్లు బిగబట్టుకుని ఉన్నాను. వెనక తలుపు తెరుచుకుంది. "దిగవా సిస్టరమ్మా?" అని భాయ్ అడిగేదాకా బండి ఆగిన సంగతే నాకు తెలియలేదు.

"నాకు జరమొస్తే ఎవరు నడుపుతరు?" అంటూ ఆయనే నాకు దవాఖాన వెనక మైదానంలో బండి నేర్పాడు. నడపడం ఎవరైనా నేర్పుతారు, ఆయన ఆపడం నేర్పాడు. "ఆపాలనంగనే కాలు ఉరికి క్లచ్ మీదికి పోవద్దు. క్లచ్ తొక్కినవంటే ఇంజను బండిని ఇడిసిపెట్టినట్టే. ముందుగాల ఆక్సిలేటర్ మీదికెళ్లి కాలు తియ్యి. గేర్లనే ఉండనీ, దానంతట అదే నిమ్మళమైతది. ఇగ బ్రేకు మెల్లగ. ఇంజను వణుకుతదనంగ అప్పుడు క్లచ్" అనేవాడు. సరిగ్గా ఆగే క్షణంలో బ్రేకు మీద పాదం కాస్త సడలించాలి, లేకపోతే కుదుపంతా అక్కడే వస్తుంది. ఆగాక హ్యాండ్ బ్రేకు వేసి, న్యూట్రల్ చేసి, క్లచ్ మీద నుంచి కాలు తీసేయాలి. వాలులో న్యూట్రల్ చేస్తే పెట్రోలు మిగులుతుంది కదా అని ఒకసారి తెలివి చూపించాను. బండి దింపేసి మైదానం చుట్టూ నడిపించాడు మహానుభావుడు.

బాయి నుంచి దవాఖానకు దారి కార్మికుల ఇళ్ల ముందు నుంచే. లైన్లు అనేవాళ్లం వాటిని. ఎవరికో దెబ్బ తగిలిందన్న కబురు వ్యాను కంటే ముందే లైన్లకు చేరేది. పొయ్యి మీద గిన్నె పొయ్యి మీదే వదిలేసి ఆడవాళ్లు రోడ్డు మీదికి వచ్చేవారు. భాయ్ ప్రతిసారీ ఆపేవాడు. దిగి, దెబ్బతిన్నవాడి పేరు గట్టిగా చెప్పి, ఆ ఇంటి మనిషిని ఒకరిని వెనక ఎక్కించేవాడు. నాకు ఒళ్లు మండేది. లోపల రక్తం కారుతుంటే ప్రతి నిమిషం ఎంత విలువైనదో నాకు తెలుసు. ఒకరోజు నిలదీశాను.

"ఆగకపోతే లైన్లన్ని ఏడుస్తయి సిస్టరమ్మా. ఆగితే ఒక్క ఇల్లే ఏడుస్తది" అన్నాడు.

నేను ఒప్పుకోలేదు. ఆయన నా ఒప్పుదల కోసం ఆగనూ లేదు.

ఒక వానాకాలం పగలు మళ్లీ కబురు వచ్చింది. బాయి దగ్గర స్ట్రెచర్ మీద ఉన్నది సలీం, భాయ్ ఒక్కగానొక్క కొడుకు, ఆ బాయిలోనే పనిచేసేవాడు. తొడ నుజ్జయింది. రక్తం ధారగా పోతోంది. "నేను నడుపుతా భాయ్" అన్నాను. "నువ్వు నడిపితే గా రక్తం ఎవరు పట్టాలె? ఎక్కు" అన్నాడు. గాయాన్ని రెండు చేతులతో అదిమిపట్టి కూర్చున్నాను.

లైన్లు దగ్గరపడుతుంటే ముందరి చిన్న కిటికీలోంచి అరిచాను. "ఆపకు భాయ్! గీ ఒక్కసారి ఆపకు! పిలగాని పానం పోతది!"

ఆయన వెనక్కి తిరగలేదు. ఇంజను హోరు నెమ్మదిగా తగ్గింది. ఎప్పటిలాగే ఏ కుదుపూ లేకుండా బండి నిలిచింది. బయట ఆడవాళ్ల గొంతులు, ఎవరు, ఎవరు అని. "మా సలీం. మీ ఇండ్లళ్ల అందరు మంచిగున్నరు, పోండ్రి" అన్నాడు భాయ్. ఆయన భార్య ఖాసింబీ ఆ గుంపులోనే ఉంది. వెనక ఎక్కి కొడుకు తల ఒళ్లోకి తీసుకుంది. సలీం కళ్లు తెరిచి "అమ్మీ" అన్నాడు. దవాఖాన గేటు రాకముందే వాడి నాడి నాకు అందకుండా పోయింది.

చాలా రోజులు నేను ఆయనతో మాట్లాడలేదు. కొడుకు పోయినవాడి మీద కోపమేమిటని నన్ను నేనే తిట్టుకున్నాను, అయినా కోపం పోలేదు. ఆయన మళ్లీ పనిలోకి వచ్చాడు. మళ్లీ ప్రతిసారీ లైన్ల ముందు ఆపాడు. ఆడవాళ్లే ఆయన ముఖం చూడలేక తలలు దించుకునేవారు.

కొన్నేళ్లకు ఊపిరితిత్తుల జబ్బుతో ఆయన మంచం పట్టాడు. సూదిమందు ఇవ్వడానికి నేనే వెళ్లేదాన్ని. ఒక సాయంత్రం ఖాసింబీ నీళ్లకు వెళ్లడం చూసి అడిగాడు. "నిజం చెప్పు సిస్టరమ్మా. గా దినం నేను ఆపకపోతే పిలగాడు బతుకుతుండెనా?"

ఓదార్పు మాటలు ఎన్నో నాలుక చివరిదాకా వచ్చాయి. ఆ మనిషికి అబద్ధం చెప్పడానికి మనసు రాలేదు. "తెల్వది భాయ్" అన్నాను.

"నాక్కూడ తెల్వది" అన్నాడు. కాసేపు ఆయాసపడ్డాడు. "గాని నా కొడుకు బండిల ఉన్ననాడు ఆపకుండ పోతే, మల్ల గా ఆడోళ్ల ముంగట ఏ మొకం పెట్టుకొని ఆపాలె?" మోచేయి కళ్లకు అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. ఆయన ఏడవగా చూడటం నాకు అదే మొదలు.

ఆ తర్వాత ఎన్నో ఏళ్లు నర్సుగా చేశాను. జర ముందుగాల తెస్తే బతుకుతుండెనా అని అడిగిన తల్లులు, భార్యలు ఎందరో. తెలిసినప్పుడు తెలిసింది చెప్పాను, తెలియనప్పుడు తెలియదనే చెప్పాను. చెప్పి లేచి వెళ్లిపోలేదు. వాళ్లు ఏడ్చినంతసేపూ పక్కనే కూర్చున్నాను. ఆ సాయంత్రం కూడా, ఖాసింబీ నీళ్లు తెచ్చి, దీపం వెలిగించి, మా ఇద్దరినీ చూసి గుమ్మంలో కూలబడేదాకా, నేను ఆ మంచం దగ్గర నుంచి కదల్లేదు.