గూడబాతుల వెనక ఇద్దరు పెద్దమనుషులు

ఆ రోజుల్లో, అంటే పంతొమ్మిది వందల ముప్ఫైల్లో, ఫోటో తీయించుకోవడమంటే ఇంటిల్లిపాదికీ ఒక గండం గడిచినంత పని. ఇస్త్రీ బట్టలు కట్టుకుని, కుర్చీ వీపు మీద చెయ్యి వేసి, ఊపిరి బిగబట్టి, ఎదురుగా పులి వస్తున్నట్టు కళ్ళు పెద్దవి చేసి నిలబడేవారు. పెళ్ళికొడుకులు మరీను. రెండేళ్ళపాటు ఆ బిగుసుకుపోయిన మొహాలకు "ఊపిరి పీల్చకండి, ఊపిరి పీల్చకండి" అని చెప్పి చెప్పి నాకు విసుగెత్తిపోయింది. నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు. ఆ వయసులో మనిషికి విసుగొస్తే ఊరుకుంటాడా? కదిలేవాటిని తీయాలి, పరిగెత్తేవాటిని తీయాలి, అన్నిటికన్నా ముందు ఎగిరేవాటిని తీయాలి అని నాలో పిచ్చి బయల్దేరింది. (ఆ పిచ్చికి మందు ఇంతవరకు దొరకలేదు. దొరికినా నేను మింగను.)

నేను పనిచేసింది ఏలూరులో అద్దాల సాయెబు గారి స్టూడియోలో. వాళ్ళ తాతా తండ్రీ పటాలకు అద్దాలు బిగించేవారు. ఊళ్ళో శ్రీరామ పట్టాభిషేకం పటాలన్నీ వాళ్ళ చేతిమీదుగా గోడలెక్కినవే. ఈయన పటాలకు చట్రాలు కట్టడంతో తృప్తిపడక పటాలే తీయడం మొదలుపెట్టారు. చాలా మెత్తని మనిషి. కోపం వస్తే గొంతు పెంచడానికి బదులు తగ్గించేవారు. మరీ కోపం వస్తే అసలు వినపడేదే కాదు. మాది మండవల్లి దగ్గర, కొల్లేటి అంచున వరిచేలున్న ఇల్లు. మా నాన్నగారికి నా ఉద్యోగమంటే బొత్తిగా గిట్టేది కాదు. గుడ్డలో తలకాయ దూర్చుకునే పని మగాడు చేసే పనేనా అనేవారు. అమ్మ పోరు పడలేక నన్ను ఏలూరులో ఉండనిచ్చారు గాని, ఏ చిన్న సాకు దొరికినా చెవి పట్టుకుని చేలోకి లాక్కెళ్ళడానికి సిద్ధంగా ఉండేవారు.

స్టూడియోకి మద్రాసు నుంచి ఒక కేటలాగు వచ్చేది. దాన్ని చదివినంత శ్రద్ధగా బళ్ళో పుస్తకాలు చదివి ఉంటే ఈపాటికి ప్లీడరునై ఉండేవాణ్ణి. దూరంగా ఉన్నవాటిని పెద్దగా తీసే లెన్సులు అందులో రెండు రకాలుండేవి. ఒకటి ఉత్త పొడుగుది. దానికి కెమెరా తిత్తి, అంటే లెన్సు వెనక సాగే మడతల తోలుగొట్టం, మూరెడు పైగా సాగాలి. మా కెమెరా తిత్తి ముసలిది, జానెడు దాటి లాగితే మడతల దగ్గర వెలుగు కారేది. రెండోది టెలిఫోటో. లోపల అద్దాల అమరిక వల్ల సగం తిత్తితోనే అంత పనీ చేసేస్తుంది. కాకపోతే చీకటి లెన్సు. ఎండ బాగా ఉంటే తప్ప ఎగిరే పిట్ట చెదిరిపోయి దూదిపింజలా పడుతుంది. చీకటిదైనా సరే, మా తిత్తికి అదే తగినదని నేను తేల్చేశాను. సాయెబు గారు మాత్రం అప్పటికే ఫోటోలకు వెనక కట్టడానికి మేడమెట్లూ నెమలీ వేసిన కొత్త తెర ఒకటి మనసులో పెట్టుకున్నారు. నెల్లాళ్ళు వాదించాను. అన్నం దగ్గరా వదల్లేదు, ఫోటోలు పడే అద్దపు ప్లేట్లు కడిగే తొట్టి దగ్గరా వదల్లేదు. తెరమీది నెమలి ఎక్కడికీ పోదు, కొల్లేట్లో గూడబాతులు లేచేటప్పుడు తీసి మన కిటికీలో పెడితే ఏలూరు ఊరంతా గుమ్మం ముందే ఉంటుంది అన్నాను. చివరికి ఆయన కళ్ళజోడు తుడుచుకుని, "సరే బాబూ, లెన్సే తెప్పిస్తాను. శివరాత్రిలోపు ఆ బొమ్మ కిటికీలో ఉండాలి. లేకపోతే నువ్వు మీ నాన్నగారి దగ్గరకెళ్ళి నాగలి పట్టుకో, నేను నెమలిని తెచ్చుకుంటాను" అన్నారు. గొంతు బాగా తగ్గించి అన్నారు కాబట్టి అది ఉత్త మాట కాదని తెలిసింది.

తోలుపెట్టెలో లెన్సు వచ్చిన రోజు నేను మధ్యాహ్నం భోజనం చేసినట్టు గుర్తులేదు. మేడమీదికి కెమెరా మోసుకెళ్ళి, నల్లగుడ్డ కప్పుకుని, వెనక ఉన్న గరుకు అద్దంలోకి చూశాను. కెమెరా అద్దంలో లోకమంతా తలకిందులుగా కనిపిస్తుందని చదువరులకు చెప్పాలి. అలా తలకిందులుగానే, కాలవకి ఆ కొసన లంగరేసిన లాంచీ మీద సరంగు గడ్డం గీసుకోవడం కనిపించింది. చెంప మీద గంటు పడి అతను మూతి వంకర పెట్టడం కూడా కనిపించింది. నేను గుడ్డలోంచి తల తీసి చూస్తే అక్కడ లాంచీయే అగ్గిపెట్టెంత ఉంది. ఆనందం పట్టలేక సాయెబు గారిని చేయిపట్టుకుని మేడమెట్ల మీద పరిగెత్తించాను. పాపం ఆయనకు ఆయాసం. పైకి వచ్చి చూసి, సరంగు గారికి పటిక పంపించమని మాత్రం అన్నారు.

కొల్లేటిలో మొదటి మూడుసార్లు నా పరువు పోయింది. అక్కడ తిరిగేది తాటిదోనెల మీద. తాటిమాను తొలిచి చేసిన ఆ దోనెలో మనిషి కూర్చోవడమే ఒక విద్య. నేను అందులో మూడుకాళ్ళ స్టాండు నిలబెట్టి, దాని మీద కెమెరా, కెమెరాకి ఆ బరువైన లెన్సు పెట్టాను. దూరాన్ని దగ్గర చేసే లెన్సు వణుకును కూడా అంతకంతా చేసి చూపిస్తుందని కేటలాగులో రాయలేదు. అద్దంలో పక్షులు, గట్లు, ఆకాశం అన్నీ కలిసి జాతరలో రంగులరాట్నం ఎక్కాయి. కదలకుండా పట్టుకోమని దోనె నడిపే తాతను బతిమాలాను. ఆయన గెడ నీళ్ళలో దించి, "నేను కదపట్లేదండీ. తవఁరు ఊపిరి పీలుస్తున్నారు, అదీ కదిలేది" అన్నాడు. రెండేళ్ళుగా నేను ఊరందరికీ చెప్పిన మాట ఆయన నాకు తిరిగి చెప్పాడు. నాలుగోసారికి బుద్ధొచ్చి, మా చేలకు ఎదురుగా నీళ్ళ మధ్య ఉన్న గట్టి దిబ్బ మీద దిగాను.

ఇంకో సంగతి కూడా నేర్చుకున్నాను. అడ్డంగా ఎగిరే పిట్ట చెదిరిపోతుంది, ఎదురుగా వచ్చేది నిలుస్తుంది. గూడబాతు గాలికి ఎదురు లేస్తుంది. కాబట్టి గాలి నా వీపుకు తగిలేలా నిలబడితే అవి నా వైపే లేవాలి. అలా నిలబడ్డాను. ఆరు ప్లేట్లలో ఐదు అప్పటికే పాడుచేశాను. పొద్దు బాగా ఎక్కింది. శివరాత్రి ఇంకా ఐదు రోజులుంది. ఉన్నట్టుండి నీళ్ళ మీద చప్పట్లు కొట్టినట్టు చప్పుడైంది. గూడబాతులు కాళ్ళతో నీటిని తంతూ, రెక్కలు విసురుతూ, గోనెసంచుల్లాంటి ముక్కులు ముందుకు చాచి, ఇరవయ్యో ముప్ఫయ్యో ఒక్కసారి నా మీదికే వచ్చాయి. నొక్కేశాను. ఆ తర్వాత దిబ్బ మీద ఎగిరి గంతేసి నడుం లోతు బురదలో పడ్డానని దోనె తాత చాలాకాలం చెప్పుకున్నాడు. నాకు మాత్రం తెలియదు.

ఎర్రదీపం కింద ఆ ప్లేటు మందులో మెల్లగా తేలుతుంటే సాయెబు గారూ నేనూ ఒకళ్ళ భుజం ఒకళ్ళం పట్టుకున్నాం. రెక్క కొసలు కూడా విడివిడిగా ఉన్నాయి! పెద్దది చేసి కిటికీలో పెట్టాం. మర్నాటికి కాలవగట్టున నడిచే దారి లేదు. తాడేపల్లిగూడెం నుంచి బియ్యం వర్తకులు పని మీద వచ్చి పని మరిచిపోయి నిలబడ్డారు. నేను కాలరు ఎగరేసి తిరిగాను. మూడోరోజు కైకలూరు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి బొమ్మను చాలాసేపు చూసి, పక్షుల్ని గురించి ఒక్క ముక్క మాట్లాడకుండా, మీ నాన్నా మీ మామయ్యా ఎప్పుడు కలిసిపోయారని నన్నడిగాడు.

అప్పుడు చూశాను. రెక్కల సందులో, దూరంగా గట్టుమీద, గోరంత మనుషులు ఇద్దరు భుజం భుజం కలిపి నిలబడి పక్షుల్ని చూస్తున్నారు. ఒకరి భుజాన మడిచిన గొడుగు, ఒకరికి తలపాగా. గొడుగు అలా తుపాకీలా పెట్టుకునేది మా నాన్నగారొక్కరే. ఆ తలపాగా మా మేనమామది. ఈకలు లెక్కపెట్టుకుంటూ సొంత తండ్రిని గుర్తుపట్టని కొడుకుని నేను. ఆ ఇద్దరికీ ఆరేళ్ళుగా మాటల్లేవు. చేలకు నీళ్ళు పారే బోదె దగ్గర మొదలైన తగువు. వాడితో మాట్లాడనని, వాడు నిలబడ్డ గట్టుమీద కాలు పెట్టనని ఊరందరి ముందూ మా నాన్నగారు ఒట్టేశారు. మామయ్యా అదే ఒట్టు, అంతకన్నా గట్టిగా వేశాడు. మా గట్టుకూ వాళ్ళ గట్టుకూ మధ్య అర ఫర్లాంగు చేను ఉంది. అమ్మ ఆరేళ్ళుగా పుట్టిల్లు తొక్కలేదు. పెరట్లోంచి ఆ ఇంటి పెంకులు కనిపిస్తాయి, అంతే.

మర్నాడే నాన్నగారు గొడుగుతో సహా స్టూడియోలో దిగారు. రెండు ప్లేట్లు అతికించి తన పరువు తీశానని, ఒట్టు తప్పినవాడని ఊళ్ళో నవ్వుతున్నారని, పెట్టే బేడా సర్దుకుని ఆ పూటే బయల్దేరమని అన్నారు. ఆయన మాట పూర్తికాకుండానే మామయ్య తలపాగా కూడా గుమ్మంలోకి వచ్చింది. ఆయన ఫిర్యాదూ అదే. ఇద్దరూ ఒకరినొకరు చూడకుండా, సాయెబు గారి చెవులనే తపాలాపెట్టె చేసుకుని, "ఏవండీ సాయెబు గారూ, ఆయనగారితో చెప్పండి" అని అరగంట కేకలేసుకున్నారు. సాయెబు గారి గొంతు వినపడనంతగా తగ్గిపోయింది. మేము ముందుకు వంగి వినాల్సి వచ్చింది. మా స్టూడియోలో అతుకులుండవండీ అన్నారాయన. మామయ్య నాన్నగారికన్నా జానెడు పొడుగు కదా, బొమ్మలో ఇద్దరూ సమానంగా ఎందుకున్నారో చూడమన్నారు. మామయ్యగారు వెనకున్న దూరపు గట్టుమీద ఉన్నారు కాబట్టి చిన్నగా పడ్డారు, రెండు గట్ల మధ్య దూరాన్ని లెన్సు కనపడనివ్వలేదు, అంతే అన్నారు. రేపు అదే దిబ్బ మీదికి వచ్చి మీ కళ్ళతో చూడండి, నేను చెప్పింది అబద్ధమైతే బొమ్మ తీసేస్తాను, అబ్బాయిని తీసుకుపొండి అని పందెం వేశారు. ఇద్దరూ ఒప్పుకున్నారు. నా బతుకు ఆ లెన్సు మీద పడింది.

మరి ఇద్దరూ అద్దంలో చూస్తుంటే గట్లమీద నిలబడేదెవరు? మామయ్య పంపే మనిషిని నాన్న నమ్మరు, నాన్న పంపే మనిషిని మామయ్య నమ్మడు. చివరికి మా గట్టుమీద అమ్మ, వాళ్ళ గట్టుమీద అత్తయ్య నిలబడేలా తేలింది. దిబ్బ మీద నేను కెమెరా బిగించి, ప్లేటు కూడా సిద్ధంగా పెట్టుకుని, గరుకు అద్దం సరిచూశాను. బియ్యపుగింజంత అమ్మ, ఆ పక్కనే బియ్యపుగింజంత అత్తయ్య, తలకిందులుగా. సాయెబు గారు భూతద్దం ఇచ్చారు, ఒక్కటే ఉంది. ముందు నువ్వంటే ముందు నువ్వని తేలక ఇద్దరూ ఒకేసారి నల్లగుడ్డలో తలలు దూర్చారు. మగాడు చేసే పనేనా అని అడిగిన మా నాన్నగారి తల కూడా అందులోనే ఉంది.

గుడ్డ కాసేపు అటూ ఇటూ కదిలింది. లోపల్నుంచి మా నాన్నగారి గొంతు వినిపించింది:

"కాస్త జరుగు బావా, నాకేం కనపట్టంలేదు."

సాయెబు గారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. మామయ్య ఏమంటాడా అని నేను ఊపిరి బిగబట్టాను.

"నువ్వే ఆ భూతద్దం ఇటియ్యి బావా. ఇద్దరూ పక్కపక్కనే ఉన్నారు కదా!" అన్నాడు మామయ్య.

తమ ఒట్టు అక్కడితో పోయిందని ఇద్దరికీ తెలియలేదు. పక్కనెక్కడ ఉన్నారు, మధ్య అర ఫర్లాంగుందని నాన్నగారు, మరి చెయ్యి చాపితే అందేలా ఉన్నారేమని మామయ్య, గుడ్డలోనే వాదించుకున్నారు. సాయెబు గారు గెలిచారని నాన్నగారు చివరికి ఒప్పుకుని, ఎంత చిత్రం చేసింది చూశావా ఈ గొట్టం అంటూ తల బయటికి తీశారు. మామయ్యా తీశాడు. ఇద్దరూ గట్ల వైపు చూశారు.

మా గట్టుమీద ఎవరూ లేరు. ఎంతసేపటికీ మేము పిలవకపోయేసరికి అమ్మ అడ్డగట్టు మీదుగా నడిచి వెళ్ళిపోయింది. అత్తయ్య గట్టుమీద ఇద్దరూ ఒకే కొంగు నీడన నిలబడి మాట్లాడుకుంటున్నారు. గుడ్డలో ఉన్న ఇద్దరికీ మొదట్నుంచీ పక్కపక్కనే కనిపించారు కాబట్టి, నిజంగా ఎప్పుడు పక్కపక్కకు వచ్చారో తెలియనేలేదు. నాన్నగారు గొడుగు తెరిచి, సగం మామయ్య మీద పట్టి, దోనె వైపు నడిచారు. ఆ పూట అమ్మ పుట్టింట్లో భోంచేసింది. నన్ను చేలోకి తీసుకెళ్ళే సంగతి ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు.

ఆ తర్వాత చాలా లెన్సులు చూశాను, చాలా పక్షుల్ని తీశాను. ఇప్పటికీ ఆ పద్దెనిమిదేళ్ళవాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. గూడబాతుల కోసం ప్లేట్లు నీళ్ళలా పోసిన ఆ మొనగాడు, కెమెరా సిద్ధంగా పెట్టుకుని కూడా, అమ్మ ఆరేళ్ళ తర్వాత వదిన చెయ్యి పట్టుకుంటే నోరు తెరుచుకుని నిలబడ్డాడే గాని నొక్కలేదు. నొక్కినా లాభముండేది కాదులెండి. ఆ పాటికి ఈ లెన్సు దూరంగా ఉన్నవాళ్ళను దగ్గరగా చూపిస్తుందని కైకలూరు దాకా తెలిసిపోయింది. వాళ్ళిద్దరూ నిజంగానే కలుసుకున్నారంటే ఒక్కడూ నమ్మేవాడు కాదు.