నలభై ఒకటో రిహార్సల్

హెడ్ సిస్టరమ్మకు ఉన్నది ఒకే ఒక్క పిచ్చి: రిహార్సల్. ఫోనెత్తి హలో అనాలన్నా ముందొకసారి అని చూసుకునే మనిషి.

అలాంటి మనిషి వార్డుకే, రక్త క్యాన్సర్‌కు కొత్త చికిత్స మొదలుపెట్టమని ప్రభుత్వం నుంచి కాగితం వచ్చింది. రోగి రక్తంలోంచే కణాలు తీసి, ల్యాబులో వాటికి జబ్బుతో కొట్లాడే విద్య నేర్పి, మంచులా గడ్డకట్టించి ఒక సంచిలో పంపుతారట. కరిగించాక అరగంటలో ఎక్కించెయ్యాలి. ఇంకో సంచి ఉండదు.

ఇక చూసుకోండి. ఫార్మసిస్టు చేతికి నీళ్ల సంచి ఇచ్చి పరిగెత్తించింది. లిఫ్టు చెడిపోయిందనుకోమని మెట్లెక్కించింది. కరెంటు పోయిందనుకోమని మళ్లీ ఎక్కించింది. పాపం, అతని మోకాళ్లు అరిగిపోయాయి. రోగి వేషం మాత్రం ఎవరికీ ఇవ్వదు, తానే దర్జాగా పడుకుంటుంది. పడుకుని పుస్తకంలో ఏదో రాసుకుంటుంది. అవన్నీ తన మీద ఫిర్యాదులేనని ఫార్మసిస్టుకు గట్టి నమ్మకం.

అసలు రోజు రానే వచ్చింది. మొదటి రోగి ఒక బస్సు కండక్టరమ్మ. మందులన్నీ చేతులెత్తేశాక ఆవిడకు మిగిలింది ఇదొక్కటే. ఆవిడ కణాల సంచి కింద ఫార్మసీలో సిద్ధంగా ఉంది.

"ఇక్కడ ఇంతకుముందు ఎవరికైనా చేశారా? అబద్ధం చెప్పొద్దు" అందావిడ.

డాక్టరు కేసు కాగితాలు తిరగేశాడు. అయితే తనకొద్దు, ఇంటికెళ్లిపోతానని ఆవిడ చెప్పులు వెతుక్కుంది.

సిస్టరమ్మ పక్కనే కూర్చుంది. "లేదమ్మా, మీరే మొదలు. కానీ ఈ మంచం మీద నేను నలభై ఒక్కసార్లు పడుకున్నా. లైటు కళ్లలో కొట్టేది, మార్పించా. తలుపు కనబడక భయమేసేది, మంచం తిప్పించా. ఈ మందుకు ఒక్కోసారి బుర్ర తికమకపడుతుంది. అందుకే రోజూ ఒక వాక్యం రాయిస్తాం, రాత చెదిరితే వెంటనే పట్టేస్తాం. ఏం రాయాలో మీకు తోచదేమోనని అదీ రాసి చూశా."

పుస్తకం తెరిచి ఇచ్చింది. ఫార్మసిస్టు తొంగి చూశాడు. ఫిర్యాదు ఒక్కటీ లేదు. పేజీల నిండా ఒకే వాక్యం: 'నేను నడిచి ఇంటికి వెళ్తాను.' అతనికి సిగ్గేసింది.

కండక్టరమ్మ చాలాసేపు చదివింది. పెన్ను అడిగి కింద రాసింది: 'నడవడమెందుకు, బస్సుంది కదా.'

ఫార్మసిస్టు సంచి కోసం పరిగెత్తాడు. లిఫ్టు బాగానే ఉంది, అయినా అలవాటుకొద్దీ మెట్ల మీదే దిగాడు.

నెల తిరిగేసరికి ఆవిడ ఇంటికి బస్సెక్కింది. అంతకు ముందురోజే సిస్టరమ్మ ఆవిడ పెట్టె పట్టుకుని బస్‌స్టాపు దాకా రెండుసార్లు నడిచి చూసుకుంది.