కావ్య భుజానికి సరిపడిన బుల్లెట్

2022 అక్టోబరు. వర్జీనియాలో షెనాండోవా లోయలోని ఒక చిన్న ఊళ్ళో, వేట సామాన్లు అమ్మే దుకాణంలో తూటాల కౌంటర్ నాది. మా ఆయనకి ఇక్కడి ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చి ఈ ఊరు చేరాం. ఇంట్లో ఊరికే కూర్చోవడం నా వల్ల కాక ఈ కొట్లో చేరాను. ఆడదానికి తూటాల కొట్లో పనేమిటని మా అత్తగారు ఇప్పటికీ మూతి ముడుస్తారు. ఆవిడ మూతి, ఆవిడ ఇష్టం.

జింకల వేట సీజన్ దగ్గరపడిందంటే మాకు ఊపిరాడదు. అలాంటి ఒక శనివారం పొద్దున్నే వాషింగ్టన్ దగ్గరి షాంటిలీ నుంచి ప్రసాద్‌గారు, ఆయన కూతురు కావ్య వచ్చారు. కావ్య ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, ఫిజికల్ థెరపిస్టుగా పనిచేస్తోంది. ప్రసాద్‌గారు నా చొక్కా మీది పేరు చదివి పొంగిపోయారు.

"తెలుగువాళ్ళా! బతికించారు చెల్లెమ్మా. మీ దగ్గర అన్నిటికన్నా పవర్‌ఫుల్ బుల్లెట్ ఏదో అదివ్వండి."

"దేనికి అన్నయ్యగారూ?"

"జింకకి."

"పాపం, అది మీకేం అపకారం చేసింది?"

ఆయన నవ్వారు. కావ్య నవ్వలేదు.

"ఆంటీ, లాస్ట్ ఇయర్ నేను ఒక డీర్‌ని షూట్ చేశాను. అది పడలేదు, రన్ చేసి వెళ్ళిపోయింది. చీకటి అయ్యేదాకా వెతికాం, దొరకలేదు." ఆ పిల్ల చూపు కౌంటర్ మీదికి దించుకుంది. "చికెన్ తింటాను కదా. ఎవరో కిల్ చేసి ప్యాక్ చేస్తే ఓకే, నేను చేస్తే తప్పా అని హంటింగ్ నేర్చుకున్నాను. బట్ దానికి పెయిన్ ఇచ్చి వదిలేశాను. ఈసారి కూడా అలా అయితే, ఐ యామ్ డన్. రైఫిల్ ఇంక ముట్టుకోను."

అంతకుముందు ఏం వాడారో చూపించమన్నాను. ప్రసాద్‌గారు సంచిలోంచి ఒక పెట్టె తీశారు. అది ఎలుగుబంట్లకీ, గుర్రమంతేసి ఉండే ఎల్క్‌లకీ వాడే సరుకు.

"పెద్ద జంతువుకి పనికొచ్చేది చిన్నదానికి పనికిరాదా?" అన్నారాయన. స్కూలు తెరిచే ముందు పిల్లలకి రెండు సైజులు పెద్ద బట్టలు కొనే జాతి మనది. ఆయన్ని అనుకుని ఏం లాభం?

తూటాలో ముందుకి ఎగిరివెళ్ళే ముక్కనే బుల్లెట్ అంటాం. దాని బరువుని గ్రెయిన్లలో కొలుస్తారు. వేట బుల్లెట్ జంతువు ఒంట్లోకి దిగాక ముందు భాగం పుట్టగొడుగులా విచ్చుకోవాలి. దాన్నే ఎక్స్‌పాన్షన్ అంటారు. అలా విచ్చుకుంటేనే ప్రాణం త్వరగా పోతుంది. ఆయన కొన్నది రెండు వందల ఇరవై గ్రెయిన్ల మొండి ఘటం. లావుపాటి కండ, ఎముక తగిలితేగాని విచ్చుకోదు. సన్నటి జింక ఒంట్లోంచి దబ్బనంలా దూరి అవతలికి పోయి ఉంటుంది.

"పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేశారు అన్నయ్యగారూ," అన్నాను.

సంగతి తేలిపోయిందనుకున్నాను. కానీ నాకు తెలిసింది సగమే. దుకాణం వెనక మాకో షూటింగ్ రేంజ్ ఉంది. ఏ తూటా అమ్మినా, మనిషి కాల్చే తీరు ఒకసారి చూడనిదే నాకు మనసొప్పదు. కావ్యని బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఆ పాత తూటాలే ఒక్కొక్కటీ నేను నింపి ఇచ్చాను. రెండు కాల్చింది. రెండూ గురికి కిందుగా ఎక్కడో తగిలాయి. మూడోసారి, చెప్పకుండా, డమ్మీ రౌండ్ పెట్టాను. అంటే మందు లేని ఉత్తుత్తి తూటా.

టక్కుమంది. అంతే. పేలుడు లేదు, కానీ కావ్య కళ్ళు గట్టిగా మూసుకుంది, భుజం ముందుకి ఉరికింది, తుపాకీ గొట్టం నేలచూపులు చూసింది.

"ఆంటీ, పేలలేదు."

"పేలలేదు కదా. మరి నువ్వెందుకు అదిరిపడ్డావమ్మా?"

ఆ పిల్ల భుజం పట్టుకుని, "చాలా హర్ట్ అవుతుంది ఆంటీ. డాడీకి చెప్పలేదు, ఆయన ఎంతో వెతికి కొన్నారని," అంది.

తుపాకీ వెనక్కి తన్నే దెబ్బ రీకాయిల్. ఆ దెబ్బకి భయపడి ముందే ఉలిక్కిపడడం ఫ్లించ్. కాల్చేవాళ్ళకి తామలా ఉలిక్కిపడుతున్నట్టే తెలియదు. నిరుడు జింకకి తగలరాని చోట తగిలింది అందుకే.

వెనక నిలబడ్డ ప్రసాద్‌గారి మొహం చిన్నబోయింది. "గాయపడ్డ జంతువు పిల్ల మీదకొస్తుందేమోనని భయం చెల్లెమ్మా. అందుకే అంత పెద్దది కొన్నాను." ఆ మాట విన్నాక ఇంక ఆయన్ని ఆటపట్టించబుద్ధి కాలేదు.

కొత్త రైఫిల్ అక్కర్లేదన్నాను. అదే తుపాకీకి నూట పాతిక గ్రెయిన్ల బుల్లెట్, మందు తక్కువ, దెబ్బ తక్కువ, జింక ఒంట్లో చక్కగా విచ్చుకునే రకం ఇచ్చాను. అడవిలో వంద గజాల లోపు జింకకి అదే చాలు. బుల్లెట్ మారితే తగిలే చోటూ మారుతుంది కాబట్టి గురి మళ్ళీ సరిచేశాం. మొదటిది కాల్చాక కావ్య నా వైపు తిరిగి, "అంతేనా?" అంది. ఆ తర్వాత మళ్ళీ ఒక డమ్మీ పెట్టాను. ఈసారి గొట్టం కదల్లేదు.

నవంబరు చివర్లో తండ్రీకూతుళ్ళు మళ్ళీ వచ్చారు. ప్రసాద్‌గారి చేతిలో స్టీలు క్యారేజీ ఉంది. కొట్టంతా మసాలా ఘుమఘుమలే.

"ఫస్ట్ డే ఒకటి వచ్చింది ఆంటీ, కానీ స్ట్రెయిట్‌గా నా వైపే చూస్తోంది. యాంగిల్ బాగాలేదని వదిలేశాను," అంది కావ్య. "నెక్స్ట్ వీక్ ఇంకొకటి పక్కకి తిరిగి నిలబడింది. కళ్ళు మూసుకోలేదు. అక్కడే పడిపోయింది."

ప్రసాద్‌గారు గొంతు తగ్గించి అన్నారు: "దగ్గరికెళ్ళి చూశాను చెల్లెమ్మా. నోట్లో ఆకు ఇంకా నమిలీ నమలనట్టే ఉంది. దానికి తెలియనే తెలియలేదు."

నాకు కళ్ళు చెమర్చాయి. ఈ కౌంటర్ వెనక నుంచుని అంత మంచి మాట నేనెప్పుడూ వినలేదు.

ఇప్పుడెవరైనా వచ్చి అన్నిటికన్నా పెద్దది ఇమ్మంటే, పెట్టె తీసే ముందు ఒక్కటే అడుగుతాను: "ఇది జింక కోసమా, మీ భయం కోసమా?" చాలామంది భుజం తడుముకుంటారు. అక్కణ్ణుంచి అసలు బేరం మొదలుపెడతాను.