చెస్ట్‌నట్‌లో లోపం

ఇటలీలోని గార్ఫన్యానా కొండల్లో సెత్తీమియో అనే మనిషి చెస్ట్‌నట్ పిండి సంకటి పెట్టి చచ్చినవాణ్ణి లేపి కూర్చోబెట్టాడు. నమ్మనివాళ్ళు వెళ్ళి ఆ లేచినవాణ్ణి గిల్లి చూసుకోవచ్చు. తిరిగి తిడతాడు కూడా.

సెత్తీమియోకి ఉన్నది ఒకటే జబ్బు. ఎవరు ఏ మాట ఎత్తినా దాన్ని మెడబట్టి చెస్ట్‌నట్ పోషకాల దగ్గరికి లాక్కొస్తాడు. చదివింది మూడో తరగతి, అదీ సగం. కానీ సైన్యంలో ఉండగా ఆసుపత్రి వంటగదిలో దొరికిన ఆహార విలువల పట్టిక ఒకటి నలభై ఏళ్ళుగా ఆయన జేబులో ఉంది. మడతల దగ్గర చిరిగి ఎనిమిది ముక్కలైంది గానీ, అందులో ఒక్క అంకె కూడా ఆయన బుర్రలోంచి జారలేదు.

పెళ్ళినాడు ఫాదరు "అర్మీదాను భార్యగా స్వీకరిస్తావా?" అని అడిగితే, "స్వీకరిస్తాను. బక్కగా ఉంది, చెస్ట్‌నట్ పెడతాను" అన్నాడట. అర్మీదా ఇది ఒప్పుకోదు. "గట్టిగా అనలేదు, గొణిగాడు" అంటుంది.

ఓసారి జ్వరమొస్తే డాక్టరు కొండెక్కి వచ్చాడు.

"డాక్టరుగారూ, పచ్చి చెస్ట్‌నట్‌లో సి విటమిను నిమ్మకాయకి కాస్తే తక్కువ, తెలుసా?"

"నోట్లో థర్మామీటరు పెట్టాను, మాట్లాడకయ్యా!"

సెత్తీమియో నోరు మూశాడు. పొటాషియం ఎంతో వేళ్ళతో చూపించాడు.

ఆయన నోట చెస్ట్‌నట్ గురించి ఒక్క తక్కువ మాట అనిపించాలని అర్మీదా చెయ్యని ప్రయత్నం లేదు.

"మాంసమంత బలం ఉంటుందా దాంట్లో?"

"నమిలేవాళ్ళకి ఉంటుంది."

"రోజూ తింటే మొహం మొత్తదూ?"

"అది మొహం తప్పు."

ఇలా ఉండగా ఓ అక్టోబరులో పక్కింటి ఎలిసియో, కాయలు ఎండబెట్టే పొగగది కప్పు సర్దబోయి నిచ్చెన మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఒంటరివాడు. పౌరుషం మాత్రం పదిమందికి సరిపడా ఉంది. కాయలు ఏరే రోజులన్నీ మంచం మీదే గడిచిపోయాయి. నవంబరులో మార్టిన్ పునీతుడి పండగ దాటాక జనం ఆయన తోటలోనే ఏరి, రెండు బస్తాలు తెచ్చి గుమ్మంలో దింపారు.

ఎలిసియో చేతికర్రతో బస్తాల్ని బయటికి తోశాడు.

"పండగ దాటాక రాలింది ఏరినవాడిది. తాతల నాటి కట్టుబాటు. నేను ఏరానా? లేదు. తీసుకుపోండి!"

ఫాదరు పంపిన సూపూ అలాగే వెనక్కి వెళ్ళింది. క్రిస్మస్ నాటికి ఎలిసియో బెల్టుకి చిల్లులు చాలక తాడు కట్టుకున్నాడు. వసంతం దాకా ఉండడని ఊరంతా తేల్చేసింది. శవపెట్టెలు కొట్టే ఒరెస్తే అయితే కళ్ళతోనే కొలత తీసుకున్నాడు.

జనవరిలో అర్మీదా తన పిండి బోషాణం తెరిచి నోరెళ్ళబెట్టింది. ఆ పిండిని తొక్కి తొక్కి నింపుతారు, కత్తితో కోస్తేగానీ రాదు. ఈస్టరుకి సగం దిగాల్సింది ఇప్పుడే దిగిపోయింది.

"ఏమయ్యా, ఎలుకలా?"

"ఎలుకలకీ మంచి ఆహారమే."

"బస్తాలు తూచే కాటా కూడా ఎలుకలే మోసుకెళ్ళాయా?"

ఆదివారం పూజ అయ్యాక అర్మీదా ఆయన వెనకే నడిచింది. ఎలిసియో ఇంటి కిటికీలోంచి చూస్తే, దూలానికి కాటా వేలాడుతోంది. దానికి కాయలు మోసే బుట్ట. బుట్టలో ఎలిసియో.

"కదలకురా, ముల్లు ఊగుతోంది."

"పరీక్షకి నా ఒళ్ళే దొరికిందా నీకు?"

"ఇంతకంటే పాడైపోయిన ఒళ్ళు ఊళ్ళో లేదు. ఇష్టం లేకపోతే చెప్పు, కింది ఊరి ఉగోని అడుగుతా."

"మన చెస్ట్‌నట్‌ని కింది ఊరివాడి ఒంటి మీద పరీక్షిస్తావా? సిగ్గు లేదూ! ఇలా తే ఆ గిన్నె."

ఎలిసియో బుట్టలోనే కూర్చుని గిన్నె ఊడ్చేశాడు. సెత్తీమియో ముల్లు చూసి తల పంకించాడు.

"వారానికి పావుకిలోనే పెరిగావు. లోపం ఉంది."

"నా ఒంట్లోనా?"

"చెస్ట్‌నట్‌లో."

కిటికీ బయట అర్మీదా గోడ పట్టుకుంది.

"మాంసకృత్తులు తక్కువ దాంట్లో," అన్నాడు సెత్తీమియో, పన్ను పీకించుకుంటున్న మొహంతో. "పిండిలో నూటికి ఆరే. అందుకని ఈ రెండు గుడ్లు, ఈ గొర్రెపాల జున్ను. వచ్చే వారానికి కొవ్వు కూడా తక్కువని తేలేట్టుంది."

"ఇదంతా పరీక్ష కోసమేగా?"

"కాక, నీ అందం చూసి అనుకున్నావా?"

నలభై ఏళ్ళు ఎదురుచూసిన మాట చెవినపడినా అర్మీదా గెలిచినట్టు గంతెయ్యలేదు. చప్పుడు చెయ్యకుండా ఇంటికి వచ్చేసింది. మళ్ళీ ఆదివారం ఆయన బయల్దేరేసరికి, గుమ్మం దగ్గర మూర పొడుగు పంది సాసేజి గుడ్డలో చుట్టి ఉంది.

"ఏమయ్యా, చెస్ట్‌నట్‌లో కొవ్వు తక్కువటగా?"

ఆయన ఆమె వైపు చూడలేదు. "కొంచెం."

"కొంచెమేనా?"

"చాలా," అని సాసేజి చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఏప్రిల్లో ఎలిసియో తన కాళ్ళ మీద నడిచి సారాకొట్టుకి వచ్చాడు. తాడు పోయి బెల్టు వచ్చింది. "నేనే లేకపోతే ఆ పట్టిక నిజమో అబద్ధమో తేలేదే కాదు" అని పొట్ట నిమురుకుంటూ చెప్పుకొన్నాడు. ఒరెస్తే గ్లాసు పైకెత్తాడు.

"నేను కొలత కూడా తీసుకున్న శవాన్ని లేపాడయ్యా సెత్తీమియో!"

అందరూ అటు తిరిగారు. సెత్తీమియో ఎనిమిది ముక్కల పట్టికని జేబులో పెట్టుకుంటూ తల ఎత్తకుండా అన్నాడు:

"ఎవడూ చావలేదు. పరీక్షలో ఎలిసియో నాకు సాయం చేశాడు, అంతే. నాలుగు కిలోల మూడొందలు పెరిగాడు."