సీసాల్లో మారిన చేపలు

ఇన్నేళ్లలో ఈ సంగతి నన్ను ఎవరూ అడగలేదు. చెప్పబోతే వినలేదు. మొన్న కాలేజీ వాళ్లు వేసిన ఉత్సవ సంచికలో జంతుశాస్త్ర శాఖ గురించి నాలుగు పేజీలున్నాయి. ఎముకల గూడుకు రంగు వేయించినవారి పేరు కూడా ఉంది. నా చేపల ఊసు లేదు. అందుకని నేనే పుస్తకంగా రాస్తున్నాను.

డెబ్బైల చివర్లో నేను హిందూపురంలో ఒక కాలేజీలో డిమాన్‌స్ట్రేటర్‌ని. పిల్లల చేత కప్పలు కోయించడం నా పని. ఒకసారి బుక్కపట్నం చెరువు కాలువలో వేలెడంత కూడా లేని చారల చేపలు కనబడితే తెచ్చి, ల్యాబులో వెడల్పు మూతి సీసాల్లో వేశాను. తెల్లవారుతుండగా గుడ్లు పెట్టాయి, పెట్టినవాటిని అవే తినేశాయి. సీసా అడుగున పిల్లలాడే గోలీలు పరిచాను. ఈసారి గుడ్లు గోలీల సందుల్లోకి జారి బతికాయి.

ఆ గుడ్డు అద్దం లాంటిది. మైక్రోస్కోపు కింద పెడితే ఒక కణం రెండవడం, వెన్ను ఏర్పడడం, మర్నాటికి గుండె కొట్టుకోవడం, అన్నీ గుడ్డు చెదరకుండానే కనిపిస్తాయి. ఆ గుండెను చూడడానికి రమ్మని అందరినీ పిలిచాను. మా శాఖాధిపతి గుమ్మంలోనే ఆగారు.

"ఏమప్పా, సిలబస్ అయిపోయిందా? గోలీలాడతాండావు!"

ఆ మాటకు ఎవరెవరు నవ్వారో నాకు ఇప్పటికీ గుర్తే.

ఒకే తల్లికి పుట్టిన చేపలను జత కలిపి పెంచుతూ పోయాను. కొన్ని జంటల గుడ్లలో దాదాపు నాలుగో వంతు పిల్లలు గుండె ఉబ్బి, రక్తం కదలక, ఈదకముందే చచ్చిపోయేవి. మిగతా పిల్లలు మామూలే. తల్లీ తండ్రీ కూడా మామూలే. లోపం ఇద్దరిలోనూ దాగి ఉండి, రెండు వైపుల నుంచీ చేరిన పిల్లలోనే బయటపడేది. గుండెను తయారుచేసే జన్యువు ఏదో అక్కడ చెడిందని నాకు అర్థమైంది. పైకి ఆ చేపలకూ కాలువ చేపలకూ ఏ తేడా లేదు. గుడ్లు పెట్టిస్తేనే తెలుస్తుంది. అందుకే ఒక్కో జంటను ఒక్కో సీసాలో విడిగా కాపాడుకున్నాను. అవి పోతే నా మాటకు రుజువు లేదు.

యూనివర్సిటీ నుంచి ఒక ప్రొఫెసర్ వస్తున్నారని, ఆయనకు చూపించుకోమని శాఖాధిపతి అన్నారు. సరిగ్గా దానికి ముందు నన్ను ధర్మవరానికి పరీక్షల డ్యూటీ మీద పంపారు.

తిరిగొచ్చి సీసాల ముందు నిలబడ్డాను. నా చేపలు నా నీడ పడితే చాలు, మేత కోసం పైకి వచ్చేవి. ఇవి గోలీల మధ్య దూరి దాక్కున్నాయి.

"ఇవి నావి కావు" అన్నాను అటెండరుతో.

"అవే సార్. చారలు లేవా ఏంది?"

"సీసాలు ముట్టుకున్నదెవరు?"

"నన్నెందుకడుగుతారు సార్, పెద్దసారునడగండి."

పెద్దసారంటే మా శాఖాధిపతే. వెళ్లి అడిగితే పేపర్లోంచి తలెత్తలేదు. "చేప చేపే కదప్పా. ఆడుండాయి గదా" అన్నారు.

ప్రొఫెసర్ ఓపిగ్గానే చూశారు. ప్రతి గుడ్డులోనూ గుండె చక్కగా కొట్టుకుంది. ఆరోగ్యంగా ఉన్న గుండెలను చూసి అంతగా కుంగిపోయింది ఆ రోజే. ఇవి నా చేపలు కావని నేను చెబుతుంటే మా శాఖాధిపతి నవ్వారు. "మావాడు ధర్మవరం ఎండలో తిరిగొచ్చినాడు సార్. కలగన్నాడేమో." ప్రొఫెసర్ నా భుజం తట్టి, ధర్మవరంలో పట్టుచీరలు ఏ వీధిలో బాగుంటాయని అడిగి వెళ్లిపోయారు. అప్పటినుంచి స్టాఫ్ రూములో నేను లేనివి చూసేవాణ్నయ్యాను.

తర్వాత నన్ను పెనుకొండకు మార్చారు. వానలు పడ్డాక మలేరియా వాళ్లు బావుల్లో దోమపిల్లల్ని తినే చేపలు వదలడం మా వైపు మామూలే. ఒకరోజు మా ఇంటి దగ్గరి బావిలో చేపలు వదులుతున్న మనిషితో మాట కలిసింది. నేను ఏ కాలేజీ నుంచి వచ్చానో చెప్పగానే ఆయన ముఖం వెలిగింది.

"మీ పెద్దసారు దేవుడు సార్! ఒగసారి మా చేపలు తెస్తాంటే దావలో చచ్చిపోతే, సీసాల్లోయన్నీ మా బక్కెట్లో వంచినాడు. చారలు చారలుగా భలే ఉండె."

"యాడ వదిలినావు?"

"ఊరూరికీ కొన్ని. ఈ బావిలోనూ వేసినా. యాడుంటాయి సార్ ఇంగ? మా చేపలు వాటి పిల్లల్ని బతకనిస్తాయా?"

వంగి చూశాను. పచ్చటి నీళ్లలో ఒక్క చారల చేపా కనబడలేదు.

హిందూపురం వెళ్లి శాఖాధిపతిని అడిగాను. "ఇంకా ఆ చేపలేనా అబ్బా" అని లేచి లోపలికి వెళ్లారు. మళ్లీ వెళ్తే నిద్రపోతున్నారన్నారు. ఇప్పుడు ఆయన రిటైరై పెనుకొండలోనే ఉంటున్నారు. బజార్లో నన్ను చూస్తే రోడ్డు దాటతారు. ఎనభైల్లో ఒక సైన్సు పత్రికలో, విదేశాల్లో ఇవే చారల చేపల గుడ్లలో ఇలాంటి లోపాలనే వెతుకుతున్నారని చదివి, ఆ పూట అన్నం తినలేకపోయాను.

అయ్యా పెద్దసారూ, దోమల కోసం చేపలివ్వడం తప్పనను. ఊళ్లలో జనం జ్వరాలతో పడి ఉన్నారు. సీసాలు ఖాళీగా వదిలేసి ఉంటే మళ్లీ మొదటినుంచి వెతుక్కునేవాణ్ని. కాలువ చేపలు తెప్పించి నింపి, పరాయి మనిషి ముందు నన్ను అబద్ధాలకోరును చేశారు. ఈ పుస్తకం మొదటి ప్రతి మీ ఇంటికే తెచ్చిస్తాను. మార్పించింది మీరేనా, కాదా? అదొక్కటి మీ నోటితో చెప్పండి. చెప్పేదాకా మీ అరుగు దిగను.