ఇటుక రంగు నెల

నెల్లూరు డాక్టరు గాజుగొట్టంలో నీలం మందు పోసి, అందులో నా సరుకు, అంటే ఒంటేలు, ఎనిమిది చుక్కలు వేసి, స్పిరిటు దీపం మీద కాచాడు. నీలం కాస్తా పచ్చనైంది. పచ్చ పసుపైంది. పసుపు నారింజకు తిరిగింది. చివరికి బట్టీలోంచి అప్పుడే తీసిన ఇటుకలా తయారైంది. నలభై రెండేళ్ళు వచ్చాక నాలోంచి ఇంత నాణ్యమైన ఇటుక వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. నాలాంటివాళ్ళు మరో నలుగురు దొరికితే పెన్నకు ఇంకో ఆనకట్ట కట్టవచ్చు.

"చక్కెర జబ్బు," అన్నాడు డాక్టరు, వక్కపొడి పేరు చెప్పినంత తేలిగ్గా. "మాత్రలు రాస్తాను. అన్నం ఒక్కపూట, అదీ గుప్పెడు. రెండో పూట రాగులో గోధుమో. ఇంట్లో రోజూ ఇట్లా కాచి చూసుకో. నెల తర్వాత రా. అప్పటికీ రంగు పచ్చకు దిగకపోతే సూది వేసుకోవాలి."

"ఒక్క సూదేనా సార్?"

"రోజూ. బతికినన్నాళ్ళు."

సూది వేసుకుంటే బతుకుతావని ధైర్యానికే అన్నాడేమో. నాకు మాత్రం అందులో "బతికినన్నాళ్ళు" అన్న ముక్క ఒక్కటే వినపడింది. మా నాన్నకూ ఇదే జబ్బు. కాలి బొటనవేలి మీద శనగగింజంత పుండు లేచింది. అది మానలేదు. వేలు తీశారు, తర్వాత పాదం తీశారు. ఆఖరి రోజుల్లో పొద్దునా సాయంత్రం సూదులు వేశారు. సూదులు మొదలైన మూడో వారం ఆయన పోయాడు. అప్పటి నుంచి నా బుర్రలో ఒక వరస స్థిరపడిపోయింది: ముందు సూది వస్తుంది, దాని వెనకే పాడె వస్తుంది. నాకు మిగిలింది నెల రోజులు.

బుచ్చిరెడ్డిపాలెం బస్సులో కిటికీ పక్కన కూర్చుని చెప్పులు విడిచి కాలివేళ్ళు లెక్కపెట్టుకున్నాను. పది ఉన్నాయి. కోవూరు దాటాక మళ్ళీ లెక్కపెట్టాను. అప్పటికీ పదే. ఏదో పోగొట్టుకున్నాననుకుని పక్క సీటాయన వంగి సీటు కిందంతా వెతికాడు. "దొరకలేదన్నా, ఏంది పోయింది?" అని అడిగాడు. ఏమీ పోలేదు, పదీ ఉన్నాయని చెప్పి చెప్పులు తొడుక్కున్నాను.

జబ్బు సంగతి మా ఆవిడకు తప్ప ఎవరికీ చెప్పలేదు. నేను రైసుమిల్లులో ధాన్యం నోట్లో వేసుకుని బాగోగులు చెప్పే ఉద్యోగిని. అలాంటివాడు నాకు తిండి జబ్బు చేసిందని చాటుకుంటే, గుడ్డివాడు గడియారాలు బాగుచేస్తానన్నట్టే ఉంటుంది.

ఇంట్లో పరీక్ష రోజుకొకసారి చెయ్యమని డాక్టరు చెప్పాడు. నేను లేవగానే ఒకసారి, కాఫీ తాగాక ఒకసారి, కాఫీలో చక్కెర లేదన్న దిగులుకు ఒకసారి, మధ్యలో గుండె దడదడలాడినప్పుడల్లా ఒకసారి చేశాను. నా గుండె ఆ రోజుల్లో మిల్లు ఇంజనుకంటే క్రమం తప్పకుండా కొట్టుకునేది. నెలకు సరిపోవలసిన నీలం మందు ఐదో రోజుకే అడుగంటింది. మా పెరట్లో పొద్దస్తమానం దీపం, గొట్టం, పొగ. పక్కింటావిడ గోడ మీదుగా తొంగిచూసింది.

"ఏంది వదినా, మీ ఆయన రోజంతా ఏందో కాస్తుండాడు? సారాయా?"

"కాదొదినా," అంది మా ఆవిడ, గిన్నె తోముతూనే. "బంగారం చేస్తుండాడు."

"అయితే నాకొక జత కమ్మలు చెయ్యమను."

"ముందు రంగు కుదరనీ. ఇప్పటికి ఇటుకలే వస్తుండాయి."

అది నవ్వుతూ అన్న మాటే. కానీ ఆ సాయంత్రమే ఆమె గొట్టం, దీపం, కొత్తగా తెప్పించిన మందు సీసా తీసుకుపోయి తన ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసింది. "పొద్దున్నే ఒక్కసారి. నేను తీసిస్తా, నేనే చూస్తా," అంది. తాళంచెవి మంగళసూత్రానికి కట్టుకుంది. ఇక దాని జోలికి పోవాలంటే వివాహ ధర్మాన్నే ఉల్లంఘించాలి.

మొలగొలుకుల బియ్యం పండే ఊళ్ళో నేను సంగటి ముద్ద తిన్నాను. పొట్లకాయ, బీరకాయ, కాకరకాయ ఎన్ని తిన్నానంటే, నేను పక్కనుంచి పోతుంటే పాదులు భయంతో ఆకులు ముడుచుకునేవి. వారంలో నడుము పంచె జారిపోయేంత సన్నబడింది. అయినా పదిహేను రోజులు గడిచినా రంగు నారింజ దగ్గరే మొండికేసి కూర్చుంది. ఒక్కోరోజు మళ్ళీ ఇటుకే.

నాకు ఒకచోట కూర్చోబుద్ధి అయ్యేది కాదు. కూర్చుంటే కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయేమోనని లేచేవాణ్ణి. లేస్తే కళ్ళు మసకబారుతున్నాయేమోనని గోడ మీద కేలెండరు చదివేవాణ్ణి. చదవగలిగితే, అంకెలు పెద్దవి కాబట్టి లెక్కలోకి రాదనుకుని పంచాంగం తెరిచేవాణ్ణి. అందులో నా రాశికి ఏముందో చదివి అక్కడితో ఆ పూట పాడయ్యేది.

మిల్లులో మాత్రం పని ఆగదు. రైతు బండి తోలుకొచ్చి నిలిపితే, నేను బస్తాలోకి ఇనుప గొట్టం గుచ్చి నాలుగు గింజలు లాగి, అరచేతిలో నలిపి, ఊక ఊది, బియ్యపు గింజను పంటి కింద పెడతాను. కటుక్కుమంటే ఆరిన ధాన్యం. మెత్తగా నలిగితే పచ్చి, ఇంకా రెండెండలు కావాలి. నా పంటి తీర్పుకు జిల్లా కలెక్టరైనా ఎదురు చెప్పడని నేను చెప్పుకునేవాణ్ణి. కలెక్టరు ఎప్పుడూ మా మిల్లుకు రాలేదు కాబట్టి ఎదురు చెప్పిందీ లేదు.

ఒకరోజు మధ్యాహ్నం, బియ్యం చెరిగే ముసలామె చేట పక్కన పెట్టి నన్ను పిలిచింది.

"అయ్యా, ఒక మాట అడుగుతా, తిట్టబాకండి."

"అడుగు."

"ఇంట్లో అమ్మ కూడు పెట్టడంలేదా?"

"ఎందుకట్లా అడుగుతున్నావు?"

"పది దినాల్నించి చూస్తుండా. ఇదివరకు నాలుగు గింజలు కొరికి పోయేవోళ్ళు. ఈ మధ్య బళ్ళు లేకపోయినా మా కుప్ప కాడికొచ్చి గుప్పెళ్ళు గుప్పెళ్ళు బుక్కుతుండారు. మీకంటే ఎలకలే నయం."

"ఎలకలకు సిగ్గుంటాది అత్తా," అంది పక్కన చెరుగుతున్న కోడలు. "మనిషిని చూస్తే పరిగెత్తుతాయి."

ఆడవాళ్ళంతా చేటలు ఆపి నవ్వారు. నేను నా కుడిచేతి వైపు చూసుకున్నాను. గుప్పిట నిండా బియ్యం. చొక్కా జేబులో ఇంకో గుప్పెడు. నోట్లో ఒకటి. ఆలోచిస్తే అర్థమైంది. మా నాన్న బొటనవేలు గుర్తొచ్చినప్పుడల్లా నా చెయ్యి తనంత తాను కుప్పలోకి పోయేది. ఇంట్లో మానేసిన అన్నమంతా మిల్లులో పచ్చిగా నమిలి మింగుతున్నాను. బెదిరినకొద్దీ బుక్కుతున్నాను, బుక్కినకొద్దీ రంగు ఎర్రబడుతోంది, ఎర్రబడినకొద్దీ బెదురుతున్నాను. గానుగెద్దయినా అంత శ్రద్ధగా తిరగదు.

కుప్ప దగ్గరికి పోకుండా ఉండటానికి చేతులు వెనక్కి కట్టుకుని నడిచాను. అందరూ నన్ను మిల్లు కొనడానికి వచ్చిన ఆసామి అనుకున్నారు. కానీ కొరికి చూడటం మాత్రం నా ఉద్యోగం. కొరికింది ఉమ్మేస్తే సరిపోతుంది కదా అంటారేమో. మా వైపు అది కుదరదు. రైతు ఎదుట కొరికిన గింజ ఉమ్మితే ఆ సరుకు వద్దన్నట్టు లెక్క. అతను ఇంక మాట్లాడడు, బండి తిప్పేస్తాడు. ఇరవై ఏళ్ళుగా నేను కొరికిన ప్రతి గింజా మింగింది అందుకే.

మర్నాడు నాలుగు బళ్ళ ధాన్యం కొరికి, మింగకుండా బుగ్గన పెట్టుకున్నాను. ఐదో బండి కొడవలూరు నుంచి వచ్చింది. దాని రైతు నా ఈడువాడే, బలంగా ఉన్నాడు. అప్పటికి నా బుగ్గ పంటి వాపు వచ్చినవాడి దవడలా ఉంది. "ఎట్టుండాయన్నా?" అని అడిగాడు. జవాబు చెప్పడానికి నోరు తెరవాలి. దిక్కుతోచక పక్కకు తిరిగి తువ్వాలులోకి ఉమ్మేశాను.

అతను చూశాడు. ముఖం కందగడ్డయింది.

"ఏందన్నా, నా వడ్లు నోట్లో పెట్టుకోను గూడా పనికిరాకుండా పోయినాయా?" అని ఎద్దుల పగ్గాలు అందుకున్నాడు.

"వడ్లు వజ్రాలన్నా!" అని అరిచాను. "చెడింది నేను. నాకు చక్కెర జబ్బు!"

చెరిగే చేటలన్నీ ఆగిపోయాయి. ఇంజను కూడా చెవి ఒగ్గి విన్నదని ఇప్పటికీ నా నమ్మకం. అతను పగ్గాలు వదిలాడు.

"ఎన్నాళ్ళయింది?"

"పదిహేడు రోజులు."

"సూది పడిందా?"

"ఇంకా లేదు. నెలకు తగ్గకపోతే పడుతుందన్నాడు."

అతను పంచె పైకి లాగి తొడ చూపించాడు. నల్లటి చుక్కలు, నువ్వులు చల్లినట్టు.

"నాలుగేళ్ళన్నా. పొద్దున్నే మా ఇంటామె పాలకంటే ముందు సూదిని నీళ్ళలో కాస్తాది. మందు సీసాకు తడిగుడ్డ చుట్టి నీళ్ళ కడవ పక్కన పెడతాది. పొడుచుకోని, తిని, మడికి పోతా. నువ్వు ఉమ్మిన వడ్లు సూది పడినాక పండిచ్చినవే."

"నొప్పా?"

"తేలు కుట్టిందా ఎప్పుడన్నా?"

"కుట్టింది."

"దానికంటే తక్కువ. చీమకంటే ఎక్కువ."

నేను గొంతు తగ్గించాను. "మా నాన్న సూదులు మొదలుపెట్టినాకే పోయినాడన్నా."

అతను పంచె కిందికి దించుకున్నాడు. "సూది వేసినందుకు పోయినాడా? ముందే వెయ్యనందుకు పోయినాడా?"

పుండు వచ్చిన ఆరు నెలల దాకా మా నాన్నను ఆసుపత్రికి తీసుకుపోలేదు. పసరు కట్టాము. ఆ పసరు నూరినవాణ్ణి నేనే.

"సరే, ఉమ్ముకో," అన్నాడు రైతు. "నేనేమీ అనుకోను. ధర చెప్పేటప్పుడు మాత్రం ఉమ్మబాక."

ఆ తర్వాత రహస్యమంటూ ఏమీ మిగల్లేదు. సాయంత్రానికి ఊళ్ళో సగం మంది మా అరుగు మీద ఉన్నారు. ఒకరు మెంతులు తెచ్చారు, ఒకరు నేరేడు గింజల పొడి తెచ్చారు. ఒకాయన వేపచెట్టే పెకలించి తెచ్చాడంటే మీరు నమ్మరు, కొమ్మ మాత్రం నిజం. ముగ్గురు మాత్రం జనం పోయేదాకా ఆగి, చెవి దగ్గరకొచ్చి, "నాకూ ఉండాదన్నా, ఎవురికీ చెప్పబాక," అన్నారు. వాళ్ళలో ఇద్దరికి ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఆ ఇద్దరూ అన్నదమ్ములు.

నా గాభరా ఎక్కడికీ పోలేదు. కానీ కొరికిన గింజ ఉమ్ముతున్నాను, కుప్ప దగ్గర చేతులు కట్టుకుంటున్నాను. పొద్దున మా ఆవిడ గొట్టం కాచి, రంగు చూసి, నాకు చూపించకుండానే పారబోసేది. "ఏం రంగు?" అంటే "మీకెందుకు" అనేది. ఆ మాట ఎంత కోపంగా అంటే రంగు అంత బాగుందని కొన్నాళ్ళకు కనిపెట్టాను.

నెల నిండింది. నెల్లూరు డాక్టరు ఎనిమిది చుక్కలు వేశాడు, దీపం వెలిగించాడు. నీలం కదలింది. పచ్చనైంది. పసుపు వైపు ఒక అడుగు వేసినట్టు అనిపించింది, మనసు మార్చుకుని పచ్చలోనే ఆగింది. ఆ అర నిమిషంలో నేను ఇరవై ఏళ్ళు ముసలివాణ్ణయ్యాను. అందులో పద్దెనిమిది ఇప్పటికీ తిరిగి రాలేదు.

"ఫరవాలేదు," అన్నాడు. "సూది ఇప్పటికి అక్కర్లేదు."

"ఇప్పటికి అంటే సార్?"

"ఇప్పటికంటే ఇప్పటికే. తర్వాతి మనిషిని పిలువు."

బస్సులో ఆ ఒక్క మాటను అటూ ఇటూ తిప్పి చూస్తూ ఇల్లు చేరాను. మా ఆవిడ గుమ్మంలోనే ఆపింది.

"ఏమన్నాడు?"

"ఇప్పటికి అక్కర్లేదన్నాడు."

"మరి ముఖం అట్టా పెట్టుకున్నారేంది?"

"ఇప్పటికి అన్నాడే!"

"ఎప్పటికీ అని రాసిచ్చేవోడు ఎవురన్నా ఉంటాడా?" అంది. "మా నాయన నన్ను మీకిచ్చేటప్పుడు గూడా, పిల్లోడు ఇప్పటికి బాగానే ఉండాడనే ఇచ్చినాడు. రేపు సూది వేసుకోవాల్సొస్తే నేనే పొడుస్తా. శానా ఏళ్ళుగా పొడవాలనే ఉండాది. రండి, చేపల పులుసు చల్లారతా ఉండాది."

విస్తట్లో గుప్పెడు అన్నం పెట్టింది. అది తన గుప్పెడు. గుప్పెడు అంటే నా గుప్పెడే అని డాక్టరు ఉద్దేశమని నేను వాదించాను. ఆమె ఒప్పుకోలేదు. పులుసు చల్లారిపోయేదాకా పోట్లాడుకున్నాం. నెల రోజుల తర్వాత నాకు ఆకలేసింది ఆ పూటే.